తొక్కుడు పడవకు ట్రాక్టర్ సీటు

మనిషి మునగాలంటే ముందు నీళ్ళుండాలి. మా వైపు అవే ఉండవు. అలాంటి సీమలో పుట్టి, ఊరంతా కట్ట మీద నిలబడి చూస్తుండగా, చేతిలో పట్టుచీరతో, ట్రాక్టర్ సీటు మీదనుంచి చెరువులో పడిన మగవాణ్ణి నేనొక్కణ్ణే. నమ్మకపోతే గుమ్మఘట్ట వైపు ఎప్పుడైనా వచ్చినప్పుడు "సీటు ఓబులేసు ఇల్లు యాడ?" అని అడగండి. చిన్నపిల్లలు కూడా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి దింపుతారు. మా అసలు ఇంటిపేరు ఏమిటో నాకే ఒక్కోసారి గుర్తుకు రాదు.

అప్పటికి నాకు ఇరవై ఏడేళ్ళు. ఊళ్ళో సైకిల్ షాపు నడిపేవాణ్ణి. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే రాయదుర్గం దాకా వచ్చాయి, మా ఊరికి ఇంకా సిగ్నల్ అందలేదు. మా చెరువు సంగతి చెప్పాలంటే, దాన్ని చెరువు అని పిలవడం మర్యాద కోసమే. పదకొండేళ్ళుగా అందులో నీళ్ళు నిలవలేదు. ఒక పక్క కంపచెట్లు మొలిచాయి, ఇంకో పక్క ధైర్యమున్నవాళ్ళు వేరుశనగ వేశారు, మిగిలిన జాగాలో మేము క్రికెట్ ఆడాము. కంపచెట్టుకు చొక్కా తగిలించి, ఏనుగు గుండు దగ్గర వికెట్లు పాతేవాళ్ళం. ఏనుగు గుండు అంటే చెరువు నడుమ ఏనుగు వీపులా కనిపించే పెద్ద బండరాయి. ఇది గుర్తుపెట్టుకోండి, నా పరువు పోయింది దాని పక్కనే.

ఆ ఏడు వానలు పడ్డాయి. పడ్డాయంటే అలా ఇలా కాదు, వానను తిట్టుకున్న మనిషిని మా ఊళ్ళో మొదటిసారి చూశాను. చెరువులోకి నీళ్ళు రావడం మొదలయ్యాక ఎవరూ పనికి పోలేదు. పొద్దున లేచి కట్ట మీదికి పోవడం, నిన్నటికంటే ఎంత ఎక్కిందో చూడడం, ఇంటికొచ్చి చెప్పడం, మళ్ళీ పోవడం, ఇదే పని.

మా అవ్వ నడవలేదు. ఎనభై దాటాయి. నేను రాగానే మంచం మీదనుంచే అడిగేది.

"ఏనుగు గుండు యాడిదాకా మునిగింది రా?"

"సగానికొచ్చిండాదవ్వా."

"అయితే ఈసారి మరవ పారతాది. ఆ పెట్టె ఇట్ల తీసుకరా."

చెరువు నిండి నీళ్ళు పొర్లిపోవడాన్ని మేము మరవ పారడం అంటాము. మరవ పారితే వచ్చే మంగళవారం నడిచెరువులో గంగమ్మకు చీర ఇవ్వడం మా ఊరి ఆచారం. ఇచ్చే వంతు మా ఇంటిది. పోయినసారి మా తాత ఇచ్చాడు. నేనప్పుడు రాయదుర్గంలో సైకిల్ పని నేర్చుకుంటూ ఉండి, చూడలేదు. ఆ మరుసటి ఎండాకాలం ఆయన పోయాడు. అప్పుడే అవ్వ ఒక పట్టుచీర కొని, ఎర్ర అంచు, పసుపు ఒళ్ళు, రేకు పెట్టెలో పెట్టింది. మళ్ళీ చెరువు నిండితే ఆ చీర తాత ఇచ్చిన చోటే, ఏనుగు గుండు దగ్గరే ఇప్పిస్తానని మొక్కుకుంది. పదకొండేళ్ళు ప్రతి ఉగాదికి దాన్ని ఎండకు ఆరేసి, మళ్ళీ మడతపెట్టింది. మా పెళ్ళిళ్ళకు కూడా కట్టలేదు.

"ఒరే ఓబులేసూ," అంది ఆ రోజు చీర మీద చెయ్యి పెట్టి. "ఇంగోసారి ఈ చెరువు నిండేదాకా నేనుండను. ఈసారే ఇయ్యాల. తప్పిపోతే మీ తాత మొగం చూడలేను."

"నేనిస్తానవ్వా, నా తలమీద ఒట్టు," అన్నాను. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు.

తాత వాడిన పుట్టి, అదే వెదురుతో అల్లిన గుండ్రటి పడవ, గోడకు తగిలించి ఉండేది. దించబోతే చేతిలో అడుగు భాగం రాలిపోయింది, చెదలు తినేశాయి. అవ్వ "కింద ఊళ్ళో బెస్తోళ్ళను అడిగి ఒక పుట్టి తెప్పియ్యిరా" అని చెప్పింది. మంచి మాట. పెద్దల మాట. కానీ సైకిల్ షాపువాడికి పుట్టి నచ్చుతుందా? దానికి చైను లేదు, పెడలు లేదు, హ్యాండిల్ లేదు. ముందేదో వెనకేదో తెలియదు. అదే వారం ఒక లారీ డ్రైవర్ పంక్చర్ వేయించుకుంటూ, బెంగళూరు పక్కన ఒక నీళ్ళ పార్కు మూతపడిందని, అక్కడ కాళ్ళతో తొక్కే చిన్న చిన్న పడవలు అమ్ముతున్నారని చెప్పాడు. తొక్కేది! నా చెవుల్లో అమృతం పోసినట్టయింది.

వెళ్ళేముందు తెలివిగా రాయదుర్గం పోయి నెట్ సెంటర్‌లో కూర్చున్నాను. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో పొట్టి తొక్కుడు పడవల గురించి పేజీలకు పేజీలు రాసి పెట్టారు. ఏది పొట్టిది, ఏది తేలికది, ఏది నిలకడగా తేలుతుంది, సీటు ఎత్తు ఎంత, వీపుకు ఆనుకునేది ఎలా ఉండాలి, గాలాలు పెట్టుకునే గొట్టాలు ఎన్ని. నాకు వచ్చిన ఇంగ్లీషు బ్రేక్ వైరు ప్యాకెట్ మీదున్నంతే. కాబట్టి బొమ్మలు చూశాను. బొమ్మల్లో అందరూ నవ్వుతూ కూర్చున్నారు. మంచి సీటు ఉంటే నవ్వొస్తుందని నాకర్థమైంది.

పార్కులో వాచ్‌మన్ మునిరాజు అని ఒక పెద్దాయన, కోలారు తెలుగు. రెండు పడవలు చూపించాడు. రెండూ మంచమంత ఉన్నాయి, రెండూ ప్లాస్టిక్. ఒకదానికి పెడళ్ళు ముందుకూ వెనక్కూ తన్నాలి, కింద చేప రెక్కల్లాంటివి రెండు అటూ ఇటూ ఊగుతాయి. ఇంకోదానికి అచ్చం సైకిల్ పెడళ్ళే, గుండ్రంగా తొక్కితే కింద చిన్న ఫ్యాను తిరుగుతుంది.

"మీ చెరువు లోతెంత?" అని అడిగాడు మునిరాజు.

"అన్నా, పదకొండేళ్ళకు నిండింది. సముద్రమనుకో."

"అడుగున గిడాలు ఏమన్నా ఉంటే రెక్కలదే తీసుకో అప్పా. తగిలితే రెక్క మడుచుకుంటుంది. ఫ్యాను అయితే చిక్కుకుంటుంది."

ఆయన గిడాలన్నది చెట్లను. నాకు అర్థమయింది కూడా. కానీ నేను అప్పటికే గుండ్రటి పెడల్ మీద కాలు పెట్టేశాను. "రెక్కలదాన్ని తన్నాల, దీన్ని తొక్కాల. నేను పదేళ్ళుగా తొక్కేటోణ్ణి," అని ఫ్యానుదే తీసుకున్నాను. పడవ నడుమ నాలుగు చిల్లులు కనిపించాయి, పైనుంచి కిందికి ఆరపార.

"ఇవేందన్నా? ఓటి పడవ అంటగడతాండావా?"

"లేదప్పా, పైన పడిన నీళ్ళు పోవడానికి చేసినారు. వాటిని మూయొద్దు."

నీళ్ళు పోవడానికి! మీరే చెప్పండి. మా ఊళ్ళో బిందెకు సూదిమొనంత చిల్లుపడితే ఇంట్లో శోకాలు మొదలవుతాయి. కారుతున్న కుళాయి కింద గిన్నె పెట్టి, గిన్నె నిండితే ఇంకో గిన్నె పెట్టే జాతి మాది. అలాంటివాడికి, నీళ్ళు పోవాలని కావాలని చిల్లు పెట్టారంటే ఎక్కుతుందా? తలూపి, పడవను లారీ మీదికెక్కించి, ఊరు చేరగానే మొదట చేసిన పని ఆ నాలుగు చిల్లులు మూయడం. లారీ ట్యూబు రబ్బరు కోసి, సొల్యూషన్ పూసి, పైన ఒకటి కింద ఒకటి అతికించాను. తర్వాత పడవ నిండా నీళ్ళు పోసి పొద్దుగూకేదాకా కాపలా కాశాను. ఒక్క బొట్టు కారలేదు.

మా బావ రామాంజి, అంటే మా అక్క మొగుడు, ట్రాక్టరు ఉన్న రైతు, వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"ఏమప్పా, పడవలోకి నీళ్ళు పోసి చూస్తాండావు. నీళ్ళలోకి పడవ ఏసి గదా చూడాల?"

"పూజ కాకముందు చెరువులో కాలు పెట్టకూడదు గదా బావా."

ఇదీ నిజమే. గంగమ్మకు చీర ఇవ్వకముందు కొత్త నీళ్ళలో ఎవరూ దిగరు. అందుకని పడవ పరీక్షలన్నీ నేల మీదే జరిగాయి. షాపు ముందు రెండు స్టూళ్ళ మీద పడవ పెట్టి తొక్కితే కింద ఫ్యాను గిర్రున తిరిగి దుమ్ము లేచేది. ఊరంతా వచ్చి చూసింది. స్టూళ్ళ మీద అది ఏ మాత్రం కదల్లేదు, ఇంత నిలకడైన పడవ లోకంలో లేదని నేను తేల్చేశాను.

ఇక సోకులు. ముందు సైకిల్ బెల్లు. "ఎవురడ్డమొస్తారని రా?" అని అవ్వ అడిగింది. "చేపలవ్వా," అన్నాను. పక్కన అద్దం. గాలాలు పెట్టుకునే గొట్టాలు రెండుంటే ఒకదాంట్లో ఊదొత్తుల కట్ట, ఇంకోదాంట్లో పసుపు జెండా. గ్లాసు పెట్టుకునే గుంటలో కొబ్బరికాయ సరిగ్గా పట్టింది. ఆ పడవ చేసినవాడికి మా పూజల సంగతి తెలుసేమోనని ఆశ్చర్యపోయాను.

మిగిలింది సీటు. పడవతో వచ్చింది గుడ్డ సీటు, కిందికి, దాదాపు అడుగుకు ఆనుకుని ఉంది. కూర్చుంటే చాప మీద కూలబడినట్టుంది. పదకొండేళ్ళకు ఒకసారి గంగమ్మకు చీర ఇచ్చేవాడు కట్ట మీదున్న జనానికి తల మాత్రమే కనిపిస్తూ పోతే ఇంటి పరువేం కావాలి? మాకు తెలిసిన గొప్ప సీట్లన్నీ ఎత్తుగానే ఉంటాయి. జీపు సీటు ఎత్తు, లారీ సీటు ఎత్తు, ట్రాక్టరు సీటు అన్నిటికంటే ఎత్తు, పైగా కింద స్ప్రింగు. బావ దగ్గరికి పోయాను.

"బావా, నీ ట్రాక్టరు సీటు కావాల."

"ట్రాక్టరు కావాల్నా, సీటు కావాల్నా?"

"సీటే. నేల తడిగా ఉండాది, ఇంగో వారం దున్నలేవు గదా. మంగళవారం సాయంత్రానికి తెచ్చిస్తా."

బావ నన్ను పైనుంచి కిందికి చూశాడు. "అవ్వ మొక్కు కాబట్టి ఇస్తాండా. పోయిందంటే నువ్వే వచ్చి నా ట్రాక్టరు మీద సీటుకు బదులు కూకోవాల," అని విప్పి ఇచ్చాడు. ఇనుపది, చిల్లుల పళ్ళెంలా ఉంటుంది చూడండి, అది. మోయలేక మోసుకొచ్చి నాలుగు బోల్టులతో బిగించాను. ఎక్కి కూర్చుంటే పెడళ్ళు సరిగ్గా అందలేదు, కాలి బొటనవేళ్ళు మాత్రం తగిలాయి. అయినా ఎత్తు ఎత్తే.

మరవ పారింది, మంగళవారమూ వచ్చింది. డప్పులు, దండలు, ఊరంతా కట్ట మీద. అవ్వను మంచంతో సహా మోసుకొచ్చి కట్ట చివర రేవు దగ్గర దించాము. ఆమె చీరను కళ్ళకద్దుకుని నా చేతిలో పెట్టింది.

"ఏనుగు గుండు కాడే ఇయ్యాల రా. ముందే వదిలేస్తివా, నా మొక్కు తీరదు."

"అట్లనే అవ్వా."

ఈలోపు ఊరి ఆడవాళ్ళు పడవకు పూజ మొదలుపెట్టారు. కొత్త బండికైనా, కొత్త బావికైనా పసుపునీళ్ళు పోయడం ఆచారం. పడవకు మాత్రం పోయరా? ఒక్కొక్కరూ బిందె తెచ్చి "అమ్మా గంగమ్మా" అంటూ పడవలో కుమ్మరించారు. తొమ్మిది బిందెలు లెక్కపెట్టాను, తర్వాత లెక్క తప్పింది. మామూలుగా అయితే అవన్నీ ఆ నాలుగు చిల్లుల్లోంచి మర్యాదగా కిందికి పోవాలి. నా అతుకులు గట్టివి. ఒక్క బొట్టు పోలేదు. ట్రాక్టరు సీటు స్ప్రింగు సగం దాకా పసుపునీళ్ళు నిలిచాయి.

"తోడి పారబోద్దామా?" అని గొణిగాను.

"పూజ నీళ్ళు పారబోస్తావా? పదకొండేళ్ళ కరువు సాలలేదా నీకు?" అని ఒకావిడ కసిరింది. నోరు మూసుకుని సీటెక్కాను.

నలుగురు తోస్తే పడవ నీళ్ళలోకి జారింది. జారగానే నాకొక సంగతి తెలిసింది. స్టూళ్ళు వేరు, నీళ్ళు వేరు. నేను కొంచెం కుడికి వంగితే లోపలి పసుపునీళ్ళన్నీ కుడికి పరిగెత్తేవి. భయపడి ఎడమకు వంగితే ఎడమకు. కింద స్ప్రింగు నన్ను నాలుగు పక్కలకూ ఊపుతోంది. కట్ట మీదనుంచి చూసేవాళ్ళకు అది దర్జాగా ఉందట. "సూడు సూడు, మహారాజు మాదిరి ఊగుతా పోతాండాడు!" అని ఎవరో మెచ్చుకున్నారు.

బొటనవేళ్ళతో తొక్కుతూ ఏనుగు గుండు దాకా దాదాపు చేరాను. ఇక ఇరవై అడుగులుందనగా ఫ్యాను టక్కున ఆగింది. ఎంత తొక్కినా కదలదు. మునిరాజు మాట అప్పుడు గుర్తొచ్చింది. కింద కంపచెట్టు. అదీ మేము క్రికెట్ ఆడేటప్పుడు చొక్కాలు తగిలించే కంపచెట్టే! పదేళ్ళు ఆ పొట్టి చెట్టు పక్కనే ఆడి, అది అక్కడుందని ఎలా మరిచిపోయానో గంగమ్మకే తెలియాలి.

పడవ మెల్లగా ఒక పక్కకు తిరగడం మొదలుపెట్టింది. చీర ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో సాయం కోసం బెల్లు కొట్టాను. ట్రింగ్ ట్రింగ్ ట్రింగ్! కట్ట మీద జనం ఏమనుకున్నారో తెలుసా? పూజ గంట అనుకున్నారు. అందరూ చేతులు జోడించి "గోవిందా!" అన్నారు. డప్పులు ఇంకా గట్టిగా మోగాయి. నేను ఇంకా గట్టిగా బెల్లు కొట్టాను. వాళ్ళు ఇంకా గట్టిగా గోవింద కొట్టారు.

చివరికి ఫ్యాను ఎక్కడ చిక్కుకుందో చూద్దామని సీటు మీదనుంచి వంగాను. నాతోపాటు పది బిందెల పసుపునీళ్ళూ వంగాయి. ఆపైన ఆకాశం కనిపించింది, తర్వాత పడవ అడుగు కనిపించింది, తర్వాత ఏమీ కనిపించలేదు. సీటు మాత్రం బోల్టులతో సహా పెకిలించుకుని నా కంటే ముందు కిందికి పోయింది.

నాకు ఈత రాదు. మా ఊళ్ళో ఎవరికీ రాదు, ఎక్కడ నేర్చుకుంటారు? నీళ్ళు మింగుతూ, చీర ఉన్న చెయ్యి మాత్రం పైకెత్తి, "సచ్చిపోతాండా! చీర తీసుకోండి! చీర!" అని అరిచాను. నిజంగానే, ప్రాణం పోతుందన్న భయంకంటే అవ్వ చీర ఇక్కడే పోతుందన్న భయమే ఎక్కువైంది. ఇంకో ఇరవై అడుగులు. పదకొండేళ్ళు దాచింది.

డప్పులు ఆగిపోయాయి. కట్ట మీదనుంచి బావ గొంతు వినిపించింది.

"ఓబులేసూ! నిలబడు రా!"

"మునిగిపోతాండా బావా!"

"అది మన క్రికెట్ పిచ్ రా, ఎర్రోడా! నిలబడు!"

కాళ్ళు కిందికి చాపాను. నేల తగిలింది. నిలబడ్డాను. నీళ్ళు రొమ్ము దాకా ఉన్నాయి. కట్ట మీద మొదట ఒకరు నవ్వారు, తర్వాత పది మంది, తర్వాత డప్పులవాళ్ళు డప్పులు కింద పెట్టి మరీ నవ్వారు. నేను చీర తడవకుండా పట్టుకుని, తల నిండా పసుపుతో, పక్కన బోర్లాపడిన పడవతో నిలబడి ఉన్నాను. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, ఎలాగూ మొహం తడిగానే ఉంది.

అప్పుడు అవ్వ మంచం మీద లేచి కూర్చుంది. ఎనభై దాటిన గొంతు, చెరువు దాటి వచ్చింది.

"నవ్వేటోళ్ళను నవ్వనీ! నువ్వు నడు రా! నడిచి పో!"

చీర తలమీద పెట్టుకుని నడిచాను. నీళ్ళు రొమ్ము దాటి భుజాలకు, భుజాలు దాటి మెడకు వచ్చాయి. ఏనుగు గుండు చేతికి తగిలింది. పాచి పట్టి నున్నగా ఉంది. చీర మడత విప్పి నీళ్ళ మీద పరిచాను. ఎర్ర అంచు కాసేపు తేలి, గుండు పక్కగా మెల్లగా లోపలికి దిగింది. నవ్వు ఆగిపోయింది. కట్ట మీద అందరూ ఈసారి నిజంగానే చేతులు జోడించారు.

తిరిగి వచ్చి అవ్వ కాళ్ళ దగ్గర కూలబడ్డాను. "క్షమించవ్వా. తాత మాదిరి దర్జాగా ఇయ్యాలనుకుంటి. ఇట్ల బురదలో నడిచిపోయి ఇచ్చినా."

అవ్వ తన కొంగుతో నా తల తుడుస్తూ నవ్వింది.

"మీ తాత మాత్రం ఎట్ల పోయినాడనుకున్నావు రా? ఆయనకు యాడ ఈతొచ్చు? పుట్టిలో ఎక్కితే కళ్ళు తిరిగేవి. చీర పుట్టిలో పెట్టి, దాన్ని ముందుకు తోసుకుంటా, ఆయన ఎనక నడిచిపోయినాడు. ఎట్ల ఇచ్చినాడో అట్లనే ఇచ్చినావు."

"ఈ మాట ముందే చెప్పొచ్చు గదవ్వా!"

"పుట్టి తెమ్మని చెప్తి గదా. నువ్వు బెల్లు బిగిస్తాంటివి."

అవ్వ ఆ తర్వాత రెండేళ్ళు నిమ్మళంగా బతికింది. బావ మాత్రం, నీళ్ళలో ఎంత వెతికినా సీటు దొరకక, ఆ దుక్కి కాలమంతా గోనెసంచి మడతేసుకుని ఇనుప కమ్మీ మీద కూర్చుని దున్నాడు. మా ఇంటి ముందునుంచి పోయేటప్పుడు ఆపి, దిగి, నడుము పట్టుకుని, నన్ను చూసి, మళ్ళీ ఎక్కేవాడు. ఒక్క మాట అనేవాడు కాదు. అంటే బాగుండేది.

మా ఊళ్ళో చెరువులో పడింది ఏదైనా దొరక్కుండా పోదు, ఒక ఎండాకాలం ఓపిక పడితే చాలు. వైశాఖానికి నీళ్ళు ఎండాయి. గొర్రెలవాళ్ళు వచ్చి చెప్పారు. పోయి చూస్తే నడిచెరువులో, పగుళ్ళిచ్చిన బురద మీద, సీటు చక్కగా నిటారుగా కూర్చుని ఉంది. దాని మీద ఒక ముసలాయన కంబళి వేసుకుని బీడీ కాల్చుకుంటూ గొర్రెల్ని చూసుకుంటున్నాడు. "మంచి సీటప్పా, ఎవురిదో పుణ్యం," అన్నాడు. బావకు సీటు తిరిగి ఇచ్చాను. మంగళవారమే ఇచ్చాను, ఏ మంగళవారమని ముందు చెప్పలేదు కదా.

ఇక పడవ. అది ఈరోజుకూ కట్ట కింద ఉంది, కావాలంటే చూపిస్తాను. గొర్రెలవాళ్ళు అడిగితే తొట్టిగా ఇచ్చేశాను. బోరు నీళ్ళు నింపితే రెండు మందలు నీళ్ళు తాగుతాయి. జెండా గొట్టంలో ఇప్పుడు గొర్రెలకాపరి కర్ర ఉంటుంది. అవ్వను ఒకసారి ఎత్తుకుపోయి చూపించాను. వంగి, నా నాలుగు రబ్బరు అతుకుల్ని వేలితో తడిమి, కింద నేల పొడిగా ఉందో లేదో చూసింది.

"ఒక్క బొట్టు కారలేదు రా. గట్టి పని చేసినావు," అంది. ఆ పడవ విషయంలో నాకు దొరికిన మెప్పు అదొక్కటే. నాకు చాలు.

కాబట్టి, ఏనుగు గుండు సాక్షిగా, ఆ తొట్టిలో నీళ్ళు తాగే ప్రతి గొర్రె సాక్షిగా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక ఏ చిల్లునూ, అది ఎందుకుందో పూర్తిగా వినకుండా మూయను. నీళ్ళ మీద పోయే దేనికీ బెల్లు బిగించను. పదకొండేళ్ళకో, ఇరవై ఏళ్ళకో మా చెరువు మళ్ళీ నిండి, చీర ఇచ్చే వంతు మళ్ళీ నాకొస్తే, సీటు జోలికే పోను. మా తాత మాదిరి నడిచే పోతాను.